రహీం సాబ్: బడిపంతులు నుంచి భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్ దాకా

(పెన్షనర్ల దినోత్సవ సభలో మన సంఘం సీనియర్ సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెన్షను అనేది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు వచ్చే హక్కు అని తేల్చిన తీర్పు అది. అందుకే ఏటా ఈ రోజున మనం కలుసుకుంటాం. డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శి గారు నన్ను పిలిచి, "ఆ విషయాలు చెప్పడానికి మేమున్నాం గాని, మీరు ఇంకేదైనా మాట్లాడండి మాస్టారూ" అన్నారు. నేనెప్పుడూ మాస్టారిని కాను, గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా దిగినవాణ్ణి. అయినా ఆ పిలుపు వినగానే ఒక అసలైన మాస్టారు గుర్తుకు వచ్చారు. ఆయన గురించే నాలుగు మాటలు చెబుతాను.

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. మన హైదరాబాదు వారు. ఆటగాళ్ళందరికీ "రహీం సాబ్". 1950 నుంచి 1963లో చనిపోయే వరకు భారత ఫుట్‌బాల్‌లో అంత పేరున్న కోచ్ మరొకరు లేరు. ఇంగ్లండులో ఇలాంటి వారిని మేనేజరు అంటారు, మనం కోచ్ అంటాం. మాట ఏదైనా, జట్టులో ఎవరుండాలి, ఎవరు ఎక్కడ ఆడాలి, ఎలా ఆడాలి అన్న బరువంతా ఆయన నెత్తిన ఉండేది. 2024లో "మైదాన్" అనే హిందీ సినిమా వచ్చింది. అజయ్ దేవ్‌గణ్ ఆయన పాత్ర వేశారు. మా మనవడు అది చూసి వచ్చి, "తాతయ్యా, ఈయన మన ఊరివాడట గదా, నీకు తెలుసా?" అని అడిగాడు. తెలియకేం? మన పిల్లలకు మన ఊరి మనిషి గురించి బొంబాయి సినిమా వచ్చి చెప్పాల్సి వచ్చిందే అని ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

రహీం గారు 1909 ఆగస్టు 17న పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ అక్కడి జట్టులో ఆడారు. ఆ తరువాత నగరంలోని స్థానిక క్లబ్బులకు ఆడారు. ఆటగాడిగా మంచివాడే గాని ఆయన పేరు నిలిచింది ఆడినందుకు కాదు, ఆడించినందుకు. బతుకుతెరువు మాత్రం బడిపంతులు ఉద్యోగం. కాచిగూడ మిడిల్ స్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి చోట్ల పని చేశారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా పుచ్చుకున్నారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు కోచ్ అయ్యారు. ఈ రెండు బాధ్యతలూ కడదాకా ఆయన మీదే ఉన్నాయి.

సిటీ పోలీసు అంటే ఏమిటో ఇక్కడి పిన్నలకు తెలియకపోవచ్చు. అప్పటికి ఫుట్‌బాల్ అంటే కలకత్తా, కలకత్తా అంటే ఫుట్‌బాల్. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మొహమ్మదన్ స్పోర్టింగ్ అని మూడు పెద్ద క్లబ్బులు. అలాంటి రోజుల్లో మన పోలీసు ఉద్యోగుల జట్టు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరుసగా 5 సార్లు గెలిచింది. మన హైదరాబాదు జట్టు 1956, 1957 సంవత్సరాల్లో సంతోష్ ట్రోఫీని వరుసగా రెండుసార్లు తెచ్చింది.

ఇంత ఎలా సాధించారు? ఆయన దగ్గర డబ్బు లేదు, విదేశీ శిక్షణ లేదు. ఉన్నది బడిపంతులు బుద్ధి. రెండు సంగతులు చెబుతాను. ఒకటి, ఆయన బలహీనమైన కాలితో ఆడే పోటీలు పెట్టేవారు. కుడికాలి వాటం ఉన్న కుర్రాడు ఎడమకాలితోనే తన్నాలి, ఎడమకాలి వాడు కుడికాలితోనే తన్నాలి. రెండోది, బంతిని కాళ్ళ మధ్య తిప్పుకుంటూ ఒంటరిగా పరుగెత్తడం పనికిరాదనే పోటీలు. బంతి అందిన వెంటనే తోటివాడికి ఇచ్చేయాలి. ఒక్క దెబ్బ, వెంటనే కదలిక. ఒకే రకం లెక్క బట్టీ పట్టిన పిల్లవాడికి మాస్టారు ఆ లెక్కనే తిప్పి ఇస్తారు చూడండి, అదీ పద్ధతి. వచ్చిన దాన్ని మెచ్చుకుని ఊరుకోలేదు, రాని దాన్ని పట్టుకుని నేర్పారు. "నేను" అనే వాణ్ణి "మేము" అనేలా చేశారు.

1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. రహీం గారి శిక్షణలో, శైలేన్ మన్నా నాయకత్వంలో మన జట్టు ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణ పతకం గెలిచింది. మేవాలాల్ గోలు కొట్టారు. దేశం ఎంతో సంబరపడింది. సంబరం ఏడాదే మిగిలింది. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయాం. మన వాళ్ళలో చాలామంది ఇంకా ఉత్త కాళ్ళతోనే ఆడుతున్నారు. బూట్లు వేసుకుని, బలంగా, వేగంగా ఆడే యూరపు వాళ్ళ ముందు నిలవలేకపోయారు.

పది గోళ్ళు! ఇలాంటిది మన ఆఫీసుల్లో జరిగితే ఏం చేస్తాం? మెమో ఇస్తాం, సంజాయిషీ అడుగుతాం, చివరికి తప్పంతా ఒక చిన్న ఉద్యోగి మీదకు తోసి ఫైలు మూసేస్తాం. ఫుట్‌బాల్ వారు ఆ పని చేయలేదు. అఖిల భారత సమాఖ్య ఆ తరువాత బూట్లు తప్పనిసరి చేసింది. రహీం గారు ఓడించిన వాళ్ళ ఆటను చూసి నేర్చుకున్నారు. అప్పట్లో హంగేరీ జట్టు తన సెంటర్ ఫార్వర్డును కొంచెం వెనక్కి జరిపి, ఎదుటి డిఫెండర్లను తికమక పెట్టేది. ఆ ఎత్తును ఆయన మన కుర్రవాళ్ళ చేత ఆడించారు.

ఫలితం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో కనిపించింది. మన జట్టుకు సమర్ బెనర్జీ నాయకుడు. ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను వాళ్ళ ఊళ్ళోనే 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా 3 గోళ్ళు కొట్టారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆసియా వాడు హ్యాట్రిక్ చేయడం అదే మొదటిసారి. ఒలింపిక్ సెమీ ఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం కూడా మనదే. సెమీ ఫైనల్లో ఎదురుపడింది ఎవరనుకున్నారు? మళ్ళీ ఆ యుగోస్లావియాయే. ఈసారి మొదటి గోలు మనది! చివరికి 4-1తో ఓడాం. కాంస్య పతకం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో ఓడి నాలుగో స్థానంతో వచ్చాం. పతకం రాలేదు గాని, 10-1 ఎక్కడ, 4-1 ఎక్కడ? నాలుగేళ్ళలో ఒక పంతులు గారు చేసిన కూడికలు, తీసివేతలు ఇవి.

ఆ జట్టులో మన నగరం నుంచి అజీజ్, నూర్ మహమ్మద్, జుల్ఫికర్, తులసీదాస్ బలరాం వంటి వారు ఉన్నారు. బలరాం మన సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రవాడు. 1962లో అర్జున అవార్డు పొందాడు. తరువాత బెంగాల్లోనే స్థిరపడి 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో పి.కె. బెనర్జీ నాయకత్వంలో హంగేరీతో 2-1తో ఓడాం, ఫ్రాన్స్‌తో 1-1గా ఆపాం, పెరూతో 3-1తో ఓడాం. ముందుకు పోలేకపోయాం. ఆ తరువాత మన ఫుట్‌బాల్ జట్టు మళ్ళీ ఒలింపిక్స్ గడప తొక్కనే లేదు.

ఇక 1962. నాకు అప్పుడు 18 ఏళ్ళు. సికింద్రాబాద్‌లో మా అన్నయ్య గదిలో ఉండి చదువుకుంటున్నాను. అన్నయ్యకు ఫుట్‌బాల్ పిచ్చి. మా గది పక్కన ఇరానీ హోటల్లో ఒక రేడియో ఉండేది. ఒక చాయ్ చెప్పి గంట కూర్చున్నా ఆ యజమాని ఏమీ అనేవాడు కాదు. జకార్తా ఆసియా క్రీడల కబుర్లన్నీ అక్కడే విన్నాం.

మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. హోటల్లో అందరూ పెదవి విరిచారు. తరువాత థాయిలాండ్ మీద 4-1తో గెలిచాం గాని, ఆ ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. జపాన్ మీద 2-0తో గెలిచి సెమీ ఫైనల్ చేరాం. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్‌కు జ్వరం. అటు రహీం గారి ఆరోగ్యం కూడా బాగా లేదు. ఆయనకు ఊపిరితిత్తుల కాన్సర్.

ఇవి చాలవన్నట్టు బయట పెద్ద గొడవ. ఇజ్రాయెల్, తైవాన్ జట్లకు ఇండోనేషియా వీసాలు ఇవ్వలేదు. అలాగైతే వీటిని ఆసియా క్రీడలు అనకూడదని మన దేశానికి చెందిన క్రీడాధికారి సోంధీ గారు అభ్యంతరం చెప్పారు. దాంతో జకార్తా జనానికి భారతీయులంటే మండిపోయింది. మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. మన ఆటగాళ్ళు బస్సులో కనబడకుండా వంగి కూర్చుని వెళ్ళవలసి వచ్చిందని తరువాత వాళ్ళే చెప్పుకున్నారు. మన జాతీయ గీతం వస్తుంటే ప్రేక్షకులు గోల చేశారు. ఆ స్టేడియంలో మన వాళ్ళ వైపు అరిచింది పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళట! ఆట మనుషుల్ని ఎలా కలుపుతుందో చూడండి.

అటువంటి సమయంలో రహీం గారు ఒక సాహసం చేశారు. తలకు కట్టు ఉన్న జర్నైల్ సింగ్‌ను ఇంట్లో కూర్చోబెట్టలేదు, అలాగని డిఫెన్సులోనూ పెట్టలేదు. సెంటర్ ఫార్వర్డుగా ముందుకు పంపారు. కాపలా వాణ్ణి దండయాత్రకు పంపడం లాంటిది. సెమీ ఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచాం. చునీ గోస్వామి రెండు గోళ్ళు, జర్నైల్ ఒకటి.

ఫైనల్ సెప్టెంబరు 4న. ఎదురుగా మొదటి ఆటలో మనల్ని ఓడించిన దక్షిణ కొరియా. ఆట ముందు రాత్రి రహీం గారు పిల్లలను కూర్చోబెట్టి, మీ నుంచి నాకు ఒక్క కానుక కావాలి, రేపు ఆ స్వర్ణ పతకం ఇవ్వండి అని అడిగారని ఆ ఆటగాళ్ళు తరువాత చాలాసార్లు చెప్పారు. మాస్టారు పిల్లల దగ్గర చేయి చాపితే ఏ పిల్లవాడు కాదంటాడు? ఆట మొదలైన 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ గోలు. 20వ నిమిషంలో జర్నైల్ సింగ్ గోలు, అదీ తలకు కుట్లు పడ్డ మనిషి కొట్టిన గోలు! జ్వరం తగ్గిన తంగరాజ్ గోలు దగ్గర కొండలా నిలబడ్డాడు. చివర్లో కొరియా ఒక గోలు కొట్టింది. 2-1తో స్వర్ణం మనది.

మా ఇరానీ హోటల్లో ఆ రోజు అందరికీ చాయ్ ఉచితం. నేను మూడు తాగాను.

ఆ జట్టులో బలరాంతో పాటు యూసుఫ్ ఖాన్, అఫ్జల్ మన నగరం వాళ్ళే. జట్టు నాయకుడు చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ ఇద్దరూ 2020లో దాదాపు నలభై రోజుల తేడాలో వెళ్ళిపోయారు.

రహీం గారు మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు. జకార్తా గెలుపు తరువాత 9 నెలలకు, 1963 జూన్ 11న కన్నుమూశారు. 53 ఏళ్ళు నిండాయి, అంతే. ఆ రోజుల్లో మన రాష్ట్ర ఉద్యోగుల పదవీ విరమణ 55 ఏళ్ళకు. అంటే మనందరం ఎదురు చూసిన ఆ దండలు, శాలువాలు, వీడ్కోలు సభ ఏవీ చూడకుండానే వెళ్ళిపోయారు. కోచ్‌లకు ఇచ్చే ద్రోణాచార్య అవార్డు పెట్టిందే 1985లో. అప్పటికి ఆయన పోయి 22 ఏళ్ళు.

ఆయన తరువాత ఏమైంది? 1964లో ఆసియా కప్‌లో ఇంగ్లీషు కోచ్ హ్యారీ రైట్ ఆధ్వర్యంలో రెండో స్థానం వచ్చింది. ఆడినవారిలో చాలామంది రహీం గారు దిద్దినవారే. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మన హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వంలో కాంస్యం వచ్చింది. నయీముద్దీన్ గారు తరువాత భారత జట్టుకు కోచ్ కూడా అయ్యారు. అంతే. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల వరకూ మళ్ళీ ఫుట్‌బాల్ పతకం రాలేదు. రహీం గారి కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం గారు 1960 ఒలింపిక్ జట్టులో ఉన్నారు, వైమానిక దళంలో పని చేశారు, అంతర్జాతీయ రిఫరీ అయ్యారు. ఆయనా 2021లో వెళ్ళిపోయారు. రహీం సాబ్ తన ఫుట్‌బాల్‌ను తనతోనే తీసుకుపోయారనే మాట ఆ తరం ఆటగాళ్ళ నోట వినిపించేది.

సోదరులారా, ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. మన భాషలో చెప్పాలంటే, చార్జి అప్పగించకుండా వెళ్ళిపోయారు. అది ఆయన తప్పు కాదు, రోగం వ్యవధి ఇవ్వలేదు. పైగా ఆయన బతికినన్నాళ్ళు నేర్పుతూనే ఉన్నారు. తీసుకోవలసిన వాళ్ళే ఆ పద్ధతిని బడుల్లోకి, ఊళ్ళలోకి తీసుకుపోలేదు. ఎడమకాలి పోటీలు ఎవరు కొనసాగించారు?

కాని నాకు వ్యవధి ఉంది. నేనేం చేశానో మీ ముందు ఒప్పుకుంటాను. నేను 34 ఏళ్ళు పని చేసిన ఆఫీసు పేరు చెప్పను. రిటైరైన రోజున చార్జి లిస్టు మీద సంతకం పెట్టి, దండ వేయించుకుని ఇంటికి వచ్చాను. నా సీట్లో చేరిన కుర్రవాడు రెండుసార్లు మా ఇంటికి వచ్చాడు. "సార్, పాత సర్వీసు రిజిస్టర్లు ఏ వరుసలో పెట్టారో అర్థం కావడం లేదు, ఒక్కసారి వచ్చి చూపించండి" అన్నాడు. నాకు అప్పుడు కొంచెం కోపంగా ఉంది. నా గ్రాట్యుటీ కాగితాలు ఆ ఆఫీసులోనే ఆలస్యం చేశారు. "అన్నీ లిస్టులో ఉన్నాయి, చూసుకో నాయనా" అని పంపించేశాను. కాఫీ కూడా ఇవ్వలేదు.

ఏడాది తరువాత మా ఆఫీసులో పని చేసి చనిపోయిన ఒక అటెండరు భార్య నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఆమె ఫ్యామిలీ పెన్షను 7 నెలలుగా ఆగిపోయింది. భర్త సర్వీసు రిజిస్టరు దొరకలేదట. అది ఎక్కడుందో నాకు తెలుసు. రెండో బీరువా కింది అరలో, వేరే సెక్షన్ పేరు రాసిన కట్టలో ఉంది. నేనే పెట్టాను. ఆ రోజే ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళి తీయించాను. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు నేను ముందే ఇచ్చి ఉంటే ఆ తల్లి 7 నెలలు అప్పులు చేసేది కాదు. ఆమె నాకు దండం పెట్టింది. ఆ దండం ఇప్పటికీ నన్ను కుట్టినట్టే ఉంటుంది.

తరువాత ఆ కుర్రవాడి ఇంటికి నేనే వెళ్ళాను. ఆరు ఆదివారాలు కూర్చుని నాకు తెలిసిందంతా ఒక నోటుపుస్తకంలో రాయించాను. అతడిప్పుడు సూపరింటెండెంటు. ఆ పుస్తకం ఇంకా ఆ సీటు సొరుగులో ఉందట.

కాబట్టి నా మనవి ఒక్కటే. మనలో ట్రెజరీ తెలిసినవారున్నారు, సర్వే తెలిసినవారున్నారు, నలభై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పిన అమ్మలున్నారు, ఇంజను నడిపినవారున్నారు. ఎవరి దగ్గర ఏముందో అది ఒక్కరికైనా నేర్పండి. అడిగితే చెప్పడం కాదు, పిలిచి చెప్పండి. మన సంఘం తరఫున నెలకొక ఆదివారం, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లల కోసం ఒక గంట కేటాయించాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. మొదటి ఆదివారం నేను వస్తాను. చాయ్ ఖర్చు కూడా నాదే.

రహీం సాబ్ ఒంట్లో శక్తి తగ్గిన రోజుల్లో, పరాయి దేశంలో, జనం తిడుతుంటే, తలకు కట్టు ఉన్నవాణ్ణి, జ్వరం నుంచి లేచినవాణ్ణి పెట్టుకుని తన జీవితంలోని అతి పెద్ద గెలుపు గెలిచారు. మనకు మోకాళ్ళ నొప్పులు, బీపీ, షుగరు తప్ప అంతకు మించిన కష్టాలేవీ లేవు. మనం ఇంకా మైదానంలోనే ఉన్నాం. చేతిలో ఉన్న బంతిని పక్కవాడికి అందించి వెళదాం.